పదకొండు రోజుల గాజుముక్క

నాకు ఒక సందేహం ఉంది. పదేళ్ల వయసులో పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

ఒక నిజాన్ని పదకొండు రోజులు ఆలస్యంగా చెబితే, అది పూర్తి నిజమేనా? లేక ఆ పదకొండు రోజుల మేరకు అందులో ఏమైనా తరుగు పోతుందా?

రోజూ పొద్దున్నే దేవుడి ముందు కళ్లు మూసుకుని చాలా అడుగుతాను. ఇంట్లో అందరూ చల్లగా ఉండాలి, పొయ్యి మీద పాలు పొంగిపోకుండా చూడు స్వామీ, ఇలాంటివన్నీ. అప్పుడప్పుడు ఈ సందేహం కూడా అడుగుతాను. ఆయన ఇంకా ఏమీ చెప్పలేదు. మీలో ఎవరికైనా తెలుసేమో. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆ రోజు బుధవారం. బుధవారాలు మాకు ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఎండ బద్ధకంగా ఉంది. అమ్మ కుట్టు మిషను ముందు కూర్చుని దారం పళ్లతో తెంపింది. అమ్మ ఇంట్లోనే కర్టెన్లు కుట్టేది.

"ఒసేయ్ వసపిట్టా, ఈ కర్టెన్లు అవతలి ఒడ్డున లాడ్జి ఆవిడకి ఇచ్చి రా" అంది.

నన్ను ఇంట్లో, బయట అందరూ వసపిట్ట అనే పిలిచేవారు. ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు. నిద్రలో కూడా మాట్లాడేదాన్నట.

"వంతెన మధ్యలో సైకిలు దిగు" అంది అమ్మ.

"తెలుసమ్మా!"

"నీకు తెలుసని నాకూ తెలుసు. అయినా దిగు."

మా నది మీద ఒక పాత రాతి వంతెన ఉంది. తాతల తాతలు కూడా దాన్ని పాత వంతెన అనే అనేవారట. దానికి తొమ్మిది కమానులు. కింద నీళ్లలో ఇంకో తొమ్మిది. గాలి లేని రోజున పైవీ కిందవీ కలిసి తొమ్మిది గుండ్రాలు అయ్యేవి. చాలాసేపు చూస్తే ఏది రాయో, ఏది నీడో తెలిసేది కాదు.

ఆ వంతెన నడిచేవాళ్లకీ, సైకిళ్లకీ మాత్రమే. బండ్లు దూరకుండా రెండు చివర్లా నడుమెత్తు రాతి స్తంభాలు ఉన్నాయి. ఎన్ని పాదాలు నడిచాయో, దారి మధ్యలో రాళ్లు పల్లంగా అరిగిపోయాయి. వాన పడితే ఆ పల్లంలో నీళ్లు సన్నగా పారేవి. నది మీద వంతెన, వంతెన మీద ఇంకో బుల్లి నది.

వంతెన నడుమ పిల్లి వీపులా పైకి లేచి ఉంటుంది. అవతలి వైపు నుంచి ఎవరొస్తున్నారో కనబడదు. అందుకే అక్కడ దారిలో ఒక తెల్లరాయి పరిచారు. అది రాగానే సైకిలు దిగాలి. రెండో తెల్లరాయి దాకా నడిపించుకుంటూ వెళ్లి, మళ్లీ ఎక్కాలి. బోర్డు లేదు. పోలీసు లేడు. అయినా అందరూ దిగుతారు. పోస్ట్‌మాన్ దిగుతాడు. డాక్టరుగారు దిగుతారు. పందెం వేసుకున్నట్టు తొక్కే కాలేజీ అన్నయ్యలు కూడా దిగుతారు.

నేనూ దిగేదాన్ని. ఆ బుధవారం దాకా.

కర్టెన్లు ఇచ్చేసి తిరిగి వస్తున్నాను. క్యారియర్ ఖాళీ. వంతెన ఖాళీ. నది కళ్లు మూసుకుని ఎండ కాచుకుంటున్నట్టుంది. నా సైకిలు కొత్తది, కొని మూడు నెలలైంది. నీలం రంగు. చక్రాలు తమంతట తామే తిరుగుతున్నట్టు అనిపించింది.

ఒక్కసారి దిగకుండా వెళితే ఎలా ఉంటుంది?

తెల్లరాయి వచ్చింది. వెనక్కి వెళ్లిపోయింది. నేను దిగలేదు. వంతెన వీపు మీదికి ఎక్కేశాను. కింద నీళ్లు, పైన మబ్బులు, మధ్యలో నేను. ఒక్క క్షణం నిజంగా ఎగురుతున్నాననుకున్నాను.

అప్పుడే అవతలి నుంచి ఒక నిచ్చెన లేచింది. ముందు నిచ్చెన, తర్వాత దాన్ని భుజాన మోస్తున్న మనిషి. గోడలకి రంగులు వేసే మనిషి.

"ఓయ్ ఓయ్ ఓయ్!" అని అరిచాడాయన.

నేను హ్యాండిలు పక్కకి తిప్పేశాను. మా వంతెన పిట్టగోడలో అక్కడక్కడా గూళ్లు ఉంటాయి. ఎదురుగా బరువుతో ఎవరైనా వస్తే తప్పుకుని నిలబడటానికి. నా సైకిలు వెళ్లి ఆ గూట్లో దూరింది. బ్రేకు కొన గోడకి కొట్టుకుంది.

టిక్.

చాలా చిన్న శబ్దం.

"కళ్లు ఆకాశంలో పెట్టుకుని తొక్కుతున్నావా తల్లీ? దెబ్బ తగిలిందా?" అన్నాడాయన.

"లేదండీ."

"దిగి నడువు మరి." నిచ్చెన సర్దుకుని, గూటి వైపు చూడకుండానే వెళ్లిపోయాడు.

నేను కిందికి చూశాను. కాళ్ల దగ్గర ఒక గాజుముక్క. రెండు వేళ్లంత ఉంది. దాని మీద ఎవరో సన్నగా అంకెలు గీశారు. ఎండకి ఎత్తి పట్టుకుంటే నా చేతి మీద ఏడు రంగులూ వాలాయి.

గోడ మీద ఇంకో ముక్క అంటుకునే ఉంది. అదేమిటో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. చేతిలో ఉన్నది మాత్రం ముద్దుగా ఉంది. జామెట్రీ బాక్సులో దాచుకున్నాను.

మీరు గమనించారా? ఇప్పటిదాకా నేను చేసింది ఒక్క తప్పే. సైకిలు దిగకపోవడం. అది చిన్నదే. పెద్దది సోమవారం మొదలైంది.

సోమవారం పొద్దున బడికి వెళుతూ చూస్తే వంతెన మొదట్లో తాడు కట్టి ఉంది. తాడుకి ఒక అట్ట. 'దారి లేదు.' చుట్టూ జనం.

తాడుకి అవతల మేస్త్రీ తాత నిలబడి ఉన్నాడు. వంతెన రాళ్లు చూసుకునే మేస్త్రీ ఆయనే. రాళ్ల సందుల్లో సున్నం కూరడం, మొలిచిన మొక్కలు పీకడం, సుత్తితో తట్టి రాయి చెప్పేది వినడం, ఇదే ఆయన పని. యాభై ఏళ్లుగా అదే పని. ఆయన చేతులు కూడా సున్నంలాగే తెల్లగా ఉండేవి.

"ఏమైంది మేస్త్రీ?" అని అడిగాడు పోస్ట్‌మాన్.

"సాక్షి గాజు పగిలింది" అన్నాడు తాత.

"అంటే?"

"గోడలో సన్నటి బీట ఉంది. దాని మీద అడ్డంగా గాజుపట్టీ అంటిస్తాం. తేదీ గీస్తాం. రాయి వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది. రాయి పైకి బాగానే కనబడుతుంది బాబూ. లోపలి సంగతి గాజే చెప్పాలి. అందుకే సాక్షి గాజు అంటాం. ప్రతి సోమవారం చూస్తాను. ఈ రోజు చూస్తే సగమే ఉంది. మిగతా సగం నదిలో పడిపోయినట్టుంది."

నా బ్యాగు వీపు మీద ఒక్కసారిగా బరువెక్కింది.

ఆఫీసు నుంచి వచ్చిన గుమస్తా కాగితం మీద ఏదో రాసుకుంటూ అడిగాడు. "పోయినేడు ఆ కమాను బాగుచేసింది మీరేగా?"

"నేనే."

"మరి?"

తాత తన చేతుల వైపు చూసుకున్నాడు.

"ఎవరి చెయ్యో తగిలిందేమో లెండి" అన్నాడు పోస్ట్‌మాన్.

"గూట్లో లోపలికి పెట్టాను బాబూ. నడిచేవాళ్లకి తగలదు. సైకిలు వాళ్లా, అక్కడ దిగుతారు. దిగని మనిషిని ఈ యాభై ఏళ్లలో నేను చూడలేదు."

నేను చెప్పేయాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. కానీ గుమస్తా ముఖం చూశాను. అంతమంది జనాన్ని చూశాను. నోరు దానంతట అదే మూసుకుంది.

రేపు చెబుదాం అనుకున్నాను.

ఆ రోజు బొంగరం రెండో పీరియడ్ సగంలో క్లాసుకి వచ్చింది. బొంగరం నా స్నేహితురాలు. ఒక్కచోట నిలబడలేదు, అందుకే ఆ పేరు. వాళ్ల ఇల్లు అవతలి ఒడ్డున. బడి ఇవతల.

"ఎందుకింత ఆలస్యం?" అని అడిగింది టీచర్.

"పాత వంతెన మూసేశారు టీచర్. లారీల వంతెన మీదుగా నడిచొచ్చాను. గంటంబావు పట్టింది."

"సైకిలు మీద రావచ్చుగా?"

"లారీలున్నాయని అమ్మ వద్దంది టీచర్. పైగా సైకిలు మాది కాదు, పిన్నిది."

నా పక్కన కూర్చుని బూట్లు విప్పింది. మడమ దగ్గర ఎర్రగా కందిపోయి ఉంది. చూసి చూడనట్టు పుస్తకం తిప్పాను.

"వంతెన తెరిచాక నా రౌండు ఇస్తావా?" అంది గుసగుసగా.

ఆ రౌండు సంగతి మీకు చెప్పాలి. నాకు సైకిలు నేర్పింది బొంగరమే. పోయిన వేసవిలో, వాళ్ల పిన్ని సైకిలు మీద. నెల్లాళ్లు సీటు పట్టుకుని నా వెనక పరిగెత్తింది. ఒకసారి నేను తన మీదే పడితే మోకాలు చీరుకుపోయింది. అప్పుడు మాటిచ్చాను. "నాకు సైకిలు కొన్నాక మొదటి రౌండు నీదే."

సైకిలు వచ్చింది. గీత పడుతుందేమోనని భయం వేసింది. "రేపిస్తా" అన్నాను. మూడు నెలలుగా అదే మాట.

"ఇస్తాలే" అన్నాను.

"నీ 'ఇస్తా'కి గడ్డం మొలిచింది" అంది బొంగరం. అంటూనే బల్ల మీద తల పెట్టి నిద్రపోయింది. తిరగని బొంగరాన్ని నేనెప్పుడూ చూడలేదు.

మంగళవారం చెప్పలేదు. బుధవారం చెప్పలేదు. గురువారం ఒక ఉపాయం దొరికింది. ఆ గాజు నేను తగలక ముందే పగిలి ఉందేమో! ఉండొచ్చుగా? నిజంగానే రాయి కదిలిందేమో! శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆ ఉపాయంతో హాయిగా ఉన్నాను. కానీ జామెట్రీ బాక్సు తెరిచినప్పుడల్లా ఆ ముక్క నన్ను చూసి మెరిసేది. స్కేలు తీసుకోవాలన్నా భయమే. గీతలన్నీ చేత్తోనే గీశాను. టీచర్ నా నోట్‌బుక్ చూసి "ఇది చతురస్రమా, దోసకాయా?" అంది.

ఇంట్లో నేను మాట్లాడటం తగ్గిపోయింది.

"ఏమే, నీ మాటలన్నీ ఎవరికి ఇచ్చేసి వచ్చావు?" అంది అమ్మ.

"ఎవరికీ లేదు."

నాన్న నా నుదురు మీద చెయ్యి వేసి చూశాడు. "జ్వరం లేదే" అన్నాడు. ఉంటే బాగుండేదనిపించింది.

శనివారం సాయంత్రం మేస్త్రీ తాత మా ఇంటికి వచ్చాడు. నేను పెద్ద కర్టెను వెనక కూర్చుని కొక్కేలు తగిలిస్తున్నాను. ఆయనకి కనబడను.

"ఈ సంచి పట్టీ తెగిందమ్మా. కాస్త కుట్టి పెట్టు" అన్నాడు. అది ఆయన పనిముట్ల సంచి.

"కూర్చోండి బాబాయ్. అంత తొందరేముంది?"

"సోమవారం ఇంజనీరుగారు వస్తారు. ఈ సామానంతా ఆఫీసులో అప్పగించేయాలి."

అమ్మ మిషను ఆగింది. "అప్పగించడమేమిటి?"

"నా చెయ్యి తప్పిందమ్మా. నేను బాగుచేసిన కమానే కదిలింది. వంతెన ఇక చూడ్డానికే ఉంచుతారట. నడవనివ్వరట. లారీల వంతెన ఉందిగా అంటున్నారు."

"మీ చెయ్యి తప్పడమా!"

"చెయ్యే కాదు, చెవి కూడా పోయినట్టుంది. రాయి బాగుంటే, తట్టినప్పుడు గంటలా పలుకుతుంది. బీటలు వారితే కుండలా పలుకుతుంది. ఈ ఆరు రోజులూ తట్టి తట్టి చూశాను. నాకు గంటలాగే వినిపిస్తోంది. గాజేమో కాదంటోంది. గాజుకి అబద్ధం చెప్పడం తెలియదుగా. అంటే వినడం నాకే రావట్లేదన్నమాట."

కర్టెను వెనక నా చేతిలో కొక్కెం వంగిపోయింది.

ఆ తెల్లవారుజామున నాకొక కల వచ్చింది. వంతెన ముసలి జంతువులా నీళ్లలో పడుకుని ఉంది. తొమ్మిది కమానులూ తొమ్మిది కళ్లు. ఎనిమిది కళ్లు మూసి ఉన్నాయి. ఒకటి మాత్రం తెరుచుకుని నన్నే చూస్తోంది. కోపంగా కాదు. మనం ఏదైనా పారేసుకున్నప్పుడు ఎదుటివాళ్లని "నువ్వు చూశావా?" అన్నట్టు చూస్తామే, అలా.

లేచేసరికి ఆదివారం. అమ్మ దేవుడి ముందు నిలబడి ఉంది. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. చేతులు జోడించాను. కళ్లు మూసుకోవడం మాత్రం నా వల్ల కాలేదు. మూస్తే ఆ కన్ను తెరుచుకుంటోంది. రోజూ ఆయనకి "రేపు చెబుతా స్వామీ" అని చెప్పుకునేదాన్ని. ఆ రోజు ఆ మాట నోటికి రాలేదు.

జామెట్రీ బాక్సు తీసుకుని బయటికి నడిచాను.

నది మీద దట్టంగా మంచు. వంతెన మొదట్లో రెండు స్తంభాలు, తాడు, ఆ తర్వాత ఏమీ లేదు. అంతా తెలుపే. ఆ తెల్లదనంలోంచి శబ్దం వస్తోంది.

టంగ్.

మళ్లీ కాసేపటికి, టంగ్.

తాడు కిందుగా దూరి నడిచాను. రాళ్లు తడిగా ఉన్నాయి. ముందు ఏముందో కనబడదు, వెనక ఏముందో కనబడదు. కాళ్ల కింద నాలుగు రాళ్లే ఉన్నాయి. నాలుగూ దాటితే ఇంకో నాలుగు వస్తున్నాయి. తెల్లరాయి వచ్చింది. చేతిలో సైకిలు లేకపోయినా అక్కడ ఆగాను.

"ఎవరది? దారి లేదమ్మా" అంది మంచులోంచి ఒక గొంతు.

"నేను తాతా. వసపిట్టని."

మేస్త్రీ తాత గూటి దగ్గర సుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నువ్వా? మాటలు వినబడకపోతే ఎవరో అనుకున్నాను. ఇంత పొద్దున్నే ఏంటి తల్లీ?"

దారిలో అనుకున్న మాటలన్నీ పోయాయి. బాక్సు తెరిచి ముందుకి చాపాను.

ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చొక్కా జేబులోంచి ఒక గుడ్డ మూట తీశాడు. అందులో రెండో సగం ఉంది. గోడ మీంచి జాగ్రత్తగా తీసి దాచినట్టున్నాడు. రెండు ముక్కల్నీ అరచేతిలో పక్కపక్కన పెట్టాడు. అతుక్కున్నాయి. అంకెలు కలిసి తేదీ అయింది.

అతుకు దగ్గర మాత్రం గోరంత గుంట మిగిలింది.

"రాయి కదిలి లాగితే గాజు నున్నగా విరుగుతుంది" అన్నాడు తాత, తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "దెబ్బ తగిలితేనే ఇలా పెచ్చు ఊడుతుంది. నా సగంలో ఈ గుంట లేదు. నీ సగంలో ఉంది."

"నేను దిగలేదు తాతా" అన్నాను. అప్పుడు వచ్చాయి మాటలు, ఏడుపుతో కలిసి. "సైకిలు దిగలేదు. నిచ్చెన ఆయన ఎదురొచ్చారు. బ్రేకు తగిలింది. రంగులు కనబడుతున్నాయని తీసుకున్నాను. అదేంటో నాకు తెలియదు. సోమవారం తెలిసింది. తెలిసినా చెప్పలేదు."

"ఎప్పుడు తగిలింది?"

"పోయిన బుధవారం కాదు. అంతకుముందు బుధవారం."

ఆయన తెల్లటి వేళ్ల మీద బొటనవేలితో లెక్కపెట్టాడు. "పదకొండు రోజులు" అన్నాడు.

తిట్టలేదు. ఆ రెండు మాటలే అన్నాడు. అవి ఇప్పటికీ నాకు వినిపిస్తాయి.

"నా మీద కోపమా తాతా?"

"ఉంది" అన్నాడు. "ఉండదూ? ఈ ఆరు రోజులూ నా చేతుల్ని నేనే నమ్మలేదమ్మా. అన్నం కలుపుకుంటూ కూడా వాటిని అనుమానంగా చూశాను."

నేను తల వంచుకున్నాను. తాత గూట్లో కూలబడ్డాడు. తర్వాత పక్కకి జరిగి చోటిచ్చాడు.

"ఇలా రా. ఆ రాయికి చెవి ఆనించు."

రాయి చల్లగా ఉంది. తాత సుత్తితో అవతల మెల్లగా తట్టాడు. శబ్దం నా చెవిలోకి కాదు, ఒంట్లోకి వచ్చినట్టనిపించింది. ఎక్కడో చాలా లోపల మొదలై, తొమ్మిది కమానుల గుండా నడిచి, నీళ్లలోకి దిగిపోయింది.

"ఎలా ఉంది?"

"గంటలా ఉంది తాతా."

"కదా!" అన్నాడు. ముఖం అటు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో, ఏడుస్తున్నాడో ఆ మంచులో తెలియలేదు. "కదా! నేను అదే అనుకున్నాను."

తిరిగి వచ్చేటప్పుడు తాడు దగ్గర ఆగి అన్నాడు. "రేపు ఇంజనీరుగారికి నువ్వే చెప్పాలి. నేను చెబితే, ముసలాడు తన తప్పు పిల్ల మీదికి తోస్తున్నాడంటారు."

"మీరు పక్కన ఉంటారా?"

"ఉంటాను."

అమ్మకి ఆ రోజే చెప్పాను. అమ్మ చాలాసేపు దారం ఎక్కించలేకపోయింది. సూది కన్ను దొరకలేదు. చివరికి, "రేపు నేనూ వస్తాను" అంది.

ఇంజనీరుగారు కళ్లజోడావిడ. నేను చెబుతున్నంతసేపూ రెండు ముక్కల్నీ తిప్పి తిప్పి చూసింది. తర్వాత అన్ని గూళ్లూ తిరిగి మిగతా సాక్షి గాజులు చూసింది. అన్నీ బాగున్నాయి.

"ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదమ్మా?" అంది.

"భయం వేసిందండీ."

"ఇప్పుడు వేయట్లేదా?"

"ఇప్పుడూ వేస్తోందండీ."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "కొత్త గాజు పెట్టండి మేస్త్రీగారూ. పది రోజులు నిలిస్తే తెరుద్దాం."

తాత కొత్త గాజుపట్టీ అంటించాడు. మేకు నా చేతికిచ్చాడు. "తేదీ గియ్యి. వంకర పోనివ్వకు" అన్నాడు. ఊపిరి బిగబట్టి గీశాను. దోసకాయలాంటి చతురస్రం గీసిన చెయ్యే. కానీ అంకెలు తిన్నగా వచ్చాయి.

ఇక బొంగరానికి చెప్పడం మిగిలింది. బడి వదిలాక గేటు దగ్గర చెప్పాను.

"నీ వల్లనా!" అంది. బ్యాగుతో నా భుజం మీద ఒకటి వేసింది. "నా కాళ్లు చూశావా? రోజూ చూశావుగా! చూస్తూ కూర్చున్నావుగా!"

కింద పడిన ఆ బ్యాగు నేను తీశాను. ఆమె నడిచింది. నేను వెనకే నడిచాను. ఆమె బ్యాగు నా చేతిలోనే ఉండిపోయింది. లారీల వంతెన దాకా మోసి అక్కడిచ్చాను. తీసుకుంది. మాట్లాడలేదు.

మంగళవారమూ అంతే. బుధవారమూ అంతే. గురువారం నేను వెనకబడితే, తిరిగి చూడకుండానే "తొందరగా నడువు" అంది. ఆ రెండు మాటలకి నా కాళ్లకి రెక్కలొచ్చాయి.

పదో రోజున తాడు విప్పారు. అదీ ఒక బుధవారమే. మళ్లీ ఒంటిపూట బడి, మళ్లీ బద్ధకపు ఎండ. మేస్త్రీ తాత కొత్త పట్టీ ఉన్న సంచి భుజాన వేసుకుని తాడు చుట్ట చుడుతున్నాడు. పోస్ట్‌మాన్ మొదట వెళ్లాడు. తెల్లరాయి దగ్గర దిగాడు.

నేను సైకిలు పట్టుకుని నిలబడ్డాను. బొంగరం వచ్చింది. ఇద్దరం పక్కపక్కనే నడిచాం. మధ్యలో సైకిలు. మొదటి తెల్లరాయి దాటాం. వంతెన వీపు ఎక్కాం. రెండో తెల్లరాయి వచ్చింది. అక్కడ హ్యాండిలు ఆమె వైపు తిప్పాను.

"ఇదిగో" అన్నాను.

"ఏంటి?"

"నీ రౌండు."

బొంగరం కళ్లు చిట్లించింది. "ఇప్పుడా? అది పోయిన వేసవిది!"

"తెలుసు. బాగా ఆలస్యమైంది. ఇప్పుడు వద్దా?"

ఆమె నన్ను వింతగా చూసింది, ఇంత తెలివితక్కువ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అన్నట్టు.

"ఆలస్యమైతే రౌండు చిన్నదవుతుందా ఏంటి?" అంది. హ్యాండిలు లాక్కుంది.

సీటు ఎక్కి, ఒక్క తొక్కు తొక్కింది. నీలం సైకిలు అరిగిన రాళ్ల పల్లంలోంచి జారుతూ అవతలి ఒడ్డు వైపు వెళ్లిపోయింది. జడలు గాల్లోకి లేచాయి. ఎక్కడైనా గోడకి రాసుకుంటుందేమో, గీత పడుతుందేమో అని చూడలేదు నేను.

వెనక్కి వచ్చి గూట్లో కూర్చున్నాను. నేను గీసిన తేదీ గాజు మీద మెరుస్తోంది. రాయికి చెవి ఆనించాను.

చక్రాలు దూరంగా వెళుతున్న చప్పుడు వినిపించింది. సన్నబడింది. ఆగింది. అవతలి ఒడ్డున స్తంభాల దగ్గర తిరిగినట్టుంది. తర్వాత రాయి లోపలి నుంచి, కమాను తర్వాత కమాను దాటుతూ, మెల్లగా తిరిగి వస్తున్న చప్పుడు.

తెల్లరాయి దగ్గర ఆగింది. బొంగరం దిగింది.